మామూలు మైక్రోస్కోపుతో నానోలీటర్లు కొలవడం: ఈగ నాళికలో నీరు, అయాన్ల రవాణాను ఎలా చూడాలి

ఎపిథీలియల్ కణాలు, అంటే అవయవాల లోపలి, బయటి ఉపరితలాలను కప్పే కణాలు, నీటిని, అయాన్లను ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పంపిస్తాయని అందరం చదువుకున్నదే. పుస్తకంలో ఒక కణం బొమ్మ ఉంటుంది, దాని మీద నాలుగు బాణాలు ఉంటాయి. పరీక్షలో ఆ బొమ్మ గీసి వచ్చేస్తాం. ఆ బాణాల వెంట నిజంగా నీళ్లు పోతుంటే చూసినవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. చూడాలంటే కన్‌ఫోకల్ అనే ఖరీదైన మైక్రోస్కోపు కావాలి, ఫ్లోరసెంట్ రంగులు కావాలి, హైదరాబాద్ పోవాలి అని ఎవరో ఒకరు అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది.

హన్మకొండ అయినా, కరీంనగర్ అయినా, మంచిర్యాల అయినా జువాలజీ ల్యాబులో మామూలు కాంపౌండ్ మైక్రోస్కోపు ఉంటుంది, డిసెక్షన్ మైక్రోస్కోపు ఒకటైనా ఉంటుంది. ఐపీస్‌లో పెట్టే చిన్న గాజు స్కేలు, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ వీటికి తోడైతే చాలు. పండ్ల మీద వాలే చిన్న ఈగ విసర్జక నాళిక ఒకటి నిమిషానికి అర నానోలీటరు నీటిని బయటికి తోస్తుంటే మీరే చూడొచ్చు, కొలవొచ్చు. నానోలీటరు అంటే లీటరులో వంద కోట్లవ వంతు.

ఈ పద్ధతిని కేంబ్రిడ్జ్‌లో జె. ఎ. రామ్సే 1954లో పుల్లపురుగు మీద చేసి చూపించారు. అందుకే దీన్ని రామ్సే పద్ధతి అంటారు. పురుగు విసర్జక నాళికను బయటికి తీసి, సెలైన్ చుక్కలో ఉంచి, చుట్టూ నూనె పోస్తారు. నాళిక కొస నూనెలో ఉంటుంది. లోపల తయారైన ద్రవం ఆ కొస నుంచి చిన్న గుండ్రటి బొట్టుగా బయటికి వస్తుంది. బొట్టు వ్యాసం కొలిస్తే ఘనపరిమాణం తెలుస్తుంది, గడియారం చూస్తే వేగం తెలుస్తుంది. 70 ఏళ్లు దాటినా ఇప్పటికీ పెద్ద పెద్ద ల్యాబుల్లో ఇదే చేస్తున్నారు.

ఈ నాళికల పేరు మాల్పీజియన్ నాళికలు. మార్సెల్లో మాల్పీజీ 1669లో పట్టుపురుగును కోసి వీటిని వర్ణించాడు. మన మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగులో కూడా ఇవి ఉంటాయి. అయితే గొంగళిపురుగుల్లో నాళికల చివరలు అంత్యాహార నాళం గోడలో చిక్కుకుని ఉంటాయి, విడదీయడం కష్టం. మొదటిసారి చేసేవాళ్లకు డ్రోసోఫిలా, అంటే పండ్ల ఈగ, నయం. దానికి నాలుగే నాళికలు, రెండు జతలుగా ఉంటాయి.

అసలు లోపల ఏం జరుగుతోంది

కొలిచేముందు ఏం కొలుస్తున్నామో తెలియాలి. నాళిక గోడ ఒకే వరుస కణాలతో కట్టిన గొట్టం. అందులో ప్రధాన కణాలు, నక్షత్ర కణాలు అని రెండు రకాలు ఉంటాయి. ప్రధాన కణంలో బోలు (నాళిక లోపలి ఖాళీ) వైపు పొరలో వి-ఏటీపేజ్ అనే పంపు ఉంటుంది. అది కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు చేసి ప్రోటాన్లను బోలులోకి తోస్తుంది. ఆ ప్రోటాన్లు తిరిగి కణంలోకి వస్తూ, మార్పిడిగా పొటాషియంను బోలులోకి పంపుతాయి. బోలులో ధనావేశం పెరుగుతుంది, దాని వెంట క్లోరైడ్ నక్షత్ర కణాల దారిన వస్తుంది. ఉప్పు చేరిన చోటికి నీరు ద్రవాభిసరణతో దానంతటదే వస్తుంది. నీటిని నేరుగా తోసే పంపు ఎక్కడా లేదు. అందుకే నీటి వేగం కొలిస్తే, వెనక నడుస్తున్న అయాన్ల పంపు వేగం కొలిచినట్టే. ఈ ప్రయోగం విలువంతా ఈ ఒక్క మాటలో ఉంది.

అనుమతి ముందు

డిగ్రీ, పీజీ ప్రాక్టికల్స్‌లో జంతువుల డిసెక్షన్ ఆపేయమని యూజీసీ 2014లో చెప్పింది. కాబట్టి దీన్ని క్లాసు ప్రాక్టికల్‌గా 40 మంది చేత చేయించవద్దు. రీసెర్చ్ పనిగా, డిపార్ట్‌మెంట్ హెడ్‌కు రాతపూర్వకంగా చెప్పి, అనుమతి తీసుకుని చేయండి. క్లాసుకు చూపించాలంటే ఇంకో మార్గం ఉంది. బతికి ఉన్న దోమ లార్వాను నీటి బొట్టుతో స్లైడు మీద పెట్టి 10 ఎక్స్‌లో చూస్తే, ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కోయకుండానే దాని ఐదు నాళికలు కనిపిస్తాయి. చూపించాక దాన్ని తిరిగి నీళ్లలో వదిలేయొచ్చు. కొలతలు మాత్రం అలా రావు.

మొదటి మెట్టు: స్కేలును సరిచూసుకోవడం

ఈగను ముట్టుకోకముందే ఈ పని పూర్తి కావాలి. ఎక్కువమంది దీన్ని ఐదు నిమిషాల్లో ముగించి డిసెక్షన్‌కు పరుగెత్తుతారు. నా లెక్కలో ఒక పూట మొత్తం దీనికే ఇవ్వాలి, ఎందుకో కింద చెబుతాను.

ఐపీస్‌లో పెట్టే స్కేలుకు సాధారణంగా 100 గీతలు ఉంటాయి. వాటికి సొంత విలువ లేదు, ఆబ్జెక్టివ్ మార్చినప్పుడల్లా విలువ మారుతుంది. స్టేజ్ మైక్రోమీటర్ అనే స్లైడు మీద 1 మిల్లీమీటరును 100 భాగాలు చేసి ఉంటుంది, ఒక్కో భాగం 10 మైక్రాన్లు. రెండు స్కేళ్లూ పక్కపక్కన కనబడేలా ఐపీస్ తిప్పి, ఎడమ చివర సున్నాలు కలపండి. కుడివైపు దూరంగా ఎక్కడ రెండు గీతలు సరిగ్గా కలుస్తున్నాయో చూడండి. ఉదాహరణకు 4 ఎక్స్‌లో ఐపీస్ స్కేలు 40 గీతలు, స్టేజ్ స్కేలు మొత్తం 1000 మైక్రాన్లతో కలిశాయనుకోండి: ఒక గీత 25 మైక్రాన్లు. 10 ఎక్స్‌లో 80 గీతలు 800 మైక్రాన్లతో కలిస్తే ఒక గీత 10 మైక్రాన్లు. మీ మైక్రోస్కోపులో అంకెలు కొంచెం వేరుగా రావచ్చు. పక్క బల్ల మీది మైక్రోస్కోపు అంకెను మాత్రం అరువు తెచ్చుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. బొట్టు గోళం కాబట్టి ఘనపరిమాణం కావాలంటే వ్యాసానికి ఘనం కట్టాలి, అంటే వ్యాసం × వ్యాసం × వ్యాసం. వ్యాసంలో చేసిన తప్పు కూడా మూడుసార్లు గుణింపులో పడుతుంది. 200 మైక్రాన్ల బొట్టు 4 ఎక్స్‌లో 8 గీతలు ఉంటుంది. అర గీత ఎక్కువ చదివారంటే ఘనపరిమాణంలో తేడా దాదాపు 20 శాతం. అదే బొట్టు 10 ఎక్స్‌లో 20 గీతలు. అక్కడా అర గీతే పొరపాటు పడితే తేడా సుమారు 8 శాతం. మందు వేశాక వేగం 20 శాతం తగ్గిందని థీసిస్‌లో రాసే ముందు ఈ లెక్క గుర్తుండాలి. బొట్టు మొత్తం స్కేలులో పట్టినంతవరకు పెద్ద మాగ్నిఫికేషన్‌లోనే కొలవండి.

ఫోన్ కెమెరాతో ఫొటో తీసి కంప్యూటర్లో కొలవడం ఇంకా మంచిది. ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఫోన్ జూమ్ కొంచెం జరిగినా స్కేలు మారిపోతుంది. జూమ్‌ను ఒకచోట ఉంచి, ప్రతి రోజూ పని మొదట్లో, చివర్లో స్టేజ్ మైక్రోమీటర్ ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. రెండూ ఒకేలా ఉంటే ఆ రోజు కొలతలు నమ్మొచ్చు.

గిన్నె, నూనె, గాజు పుల్ల

35 మిల్లీమీటర్ల పెట్రీ డిష్‌లో అడుగున రెండు మిల్లీమీటర్ల మందం సిలికాన్ పోయండి. రెండు డబ్బాల్లో వచ్చి, కలిపితే గట్టిపడే పారదర్శక సిలికాన్ కావాలి. కలిపాక బుడగలు పోయేదాకా ఆగి పోయాలి. మామూలు డిసెక్షన్ ట్రేలాగా మైనం వేయొద్దు. లిక్విడ్ పారాఫిన్‌లో మైనం మెల్లగా మెత్తబడుతుంది, కింది నుంచి వెలుతురు కూడా రాదు. సిలికాన్ గట్టిపడ్డాక స్కాల్పెల్ కొసతో 3 మిల్లీమీటర్ల వెడల్పు గుంటలు, ఒకదానికొకటి దూరంగా, ఐదో ఆరో చేయండి. ఒక్కో గుంట అంచుకు ఒక మిల్లీమీటరు దూరంలో సన్న పిన్ను గుచ్చండి. పురుగులను గుచ్చే అతి సన్న పిన్నులు ఉంటే మంచిది, లేకపోతే సన్న స్టీలు తీగ ముక్కలు సరిపోతాయి.

లిక్విడ్ పారాఫిన్ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గరి మందుల షాపుల్లో ఎక్కడైనా దొరుకుతుంది. అందులో సువాసన, రంగు కలిపిన మందు కాకుండా ఒట్టి పారాఫిన్ అడగండి. పొడిగా ఉన్న నూనె చిన్న బొట్టులోని నీటిని కొంచెం కొంచెంగా పీల్చుకుంటుంది. అలా జరిగితే మీరు కొలిచేది స్రావం మైనస్ నష్టం అవుతుంది. అందుకని ముందు రోజే సీసాలో నూనె, సెలైన్ పోసి బాగా కుదిపి, రాత్రంతా ఉంచి, పైన తేరిన నూనె మాత్రమే వాడండి.

గాజు పుల్లలు మీరే చేసుకోవాలి. సన్న గాజు కడ్డీని స్పిరిట్ దీపం మంటలో తిప్పుతూ, నడుమ ఎర్రబడి మెత్తగా వంగగానే మంట నుంచి బయటికి తీసి, అప్పుడు లాగండి. మంటలో ఉండగానే లాగితే తెగిపోతుంది. వెంట్రుకంత సన్నగా వచ్చిన చోట విరిచి, ఆ కొసను మంట పక్కకు ఒక్క క్షణం చూపిస్తే కరిగి గుండ్రటి చిన్న తల వస్తుంది. ఆ తలతోనే నాళికలను ఎత్తాలి. స్టీలు ఫోర్సెప్స్‌తో నాళిక నడుమ పట్టుకుంటే ఆ చోట కణాలు చచ్చిపోతాయి, గోడ కారుతుంది. డజను పుల్లలు చేసి పెట్టుకోండి, విరుగుతూనే ఉంటాయి.

సెలైన్

డ్రోసోఫిలా నాళికకు ఈ మిశ్రమం వాడుతారు. లీటరుకు సోడియం క్లోరైడ్ 6.87 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.49, రెండు నీటి అణువులున్న కాల్షియం క్లోరైడ్ 0.29, ఆరు నీటి అణువులున్న మెగ్నీషియం క్లోరైడ్ 1.73, సోడియం బైకార్బొనేట్ 0.86, రెండు నీటి అణువులున్న సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.67, పీహెచ్ మారకుండా ఉంచే హెపెస్ 3.57, గ్లూకోజ్ 3.60 గ్రాములు. పీహెచ్ 6.75కు సరిచేయాలి. సీసా మీద నీటి అణువులు ఎన్ని అని చూసి తూకం వేయండి, అది వేరైతే గ్రాములు మారతాయి. కాల్షియం అన్నిటికన్నా చివర్లో, విడిగా కరిగించి, కలుపుతూ పోయాలి. ముందే పోస్తే ఫాస్ఫేట్‌తో, బైకార్బొనేట్‌తో కలిసి తెల్లగా మడ్డి దిగుతుంది. వాడే ముందు దీన్ని ష్నైడర్స్ మీడియంతో (పురుగుల కణాలను పెంచే ద్రవం) సగానికి సగం కలిపితే నాళిక ఎక్కువసేపు ఆరోగ్యంగా ఉంటుంది, అందులోని అమైనో ఆమ్లాలు దానికి తిండి.

నీళ్లు మాత్రం గాజు డిస్టిలేషన్ నీళ్లే. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం చాలా ఎక్కువ, ఆర్వో పట్టినా కొంత మిగులుతుంది. బ్యాటరీ షాపు నీళ్లనూ నమ్మొద్దు. అయాన్ల రవాణా మీద పని చేస్తూ నీళ్లలో ఏ అయాన్లున్నాయో తెలియకపోతే చేసిన పనంతా వృథా.

ఈగలు, డిసెక్షన్

మామిడిపండ్ల కాలంలో ఈగలకు వెతకాల్సిన పని లేదు. మిగతా రోజుల్లో బాగా పండిన అరటిపండు ముక్క సీసాలో వేసి, మూతికి కాగితపు గరాటు పెడితే రెండు రోజుల్లో వచ్చి చేరతాయి. కానీ పట్టిన ఈగలను నేరుగా వాడొద్దు. వాటి వయసు తెలియదు, ఒకే జాతో కాదో కూడా తెలియదు. మక్కపిండి, బెల్లం, ఈస్ట్, అగర్‌తో మీడియం చేసి పెంచుకోండి. జెనెటిక్స్ ల్యాబులో కల్చర్ ఉంటే రెండు సీసాలు అడిగి తెచ్చుకోవడం ఇంకా తేలిక. బయటికొచ్చి మూడు నుంచి ఏడు రోజులైన ఆడ ఈగలు కావాలి, అవి పెద్దగా ఉంటాయి.

ఈగలున్న గొట్టాన్ని ఐసులో కాసేపు పెడితే కదలకుండా పడిపోతాయి. ఒకదాన్ని సెలైన్ బొట్టులో, డిసెక్షన్ మైక్రోస్కోపు కింద ఉంచండి. ఒక ఫోర్సెప్స్‌తో థొరాక్స్ పట్టుకుని, రెండోదానితో ఉదరం చివరి ఖండాన్ని పట్టి నిదానంగా లాగితే జీర్ణనాళం బయటికి వస్తుంది. మధ్యాహార నాళం, అంత్యాహార నాళం కలిసేచోట రెండు వైపులా రెండేసి నాళికలు వేలాడుతుంటాయి. ఒక్కోటి సుమారు రెండు మిల్లీమీటర్లు, వెంట్రుకకన్నా సన్నం. ముందు జతలో చివరి భాగం ఉబ్బి, తెల్లగా, సున్నం నింపినట్టు ఉంటుంది. ఆ తెలుపు చూస్తే ముందు జతని వెంటనే గుర్తుపట్టొచ్చు. ప్రతి జతలో రెండు నాళికలూ యురెటర్ అనే పొట్టి గొట్టంలో కలుస్తాయి. యురెటర్ పేగుకు అతుక్కున్న చోట ఫోర్సెప్స్ కొసలతో తెంపండి. పట్టుకోవాల్సిన చోటు అదొక్కటే.

తెంపిన యురెటర్ ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటే నాళిక బాగున్నట్టు. కణాలు మసకబారి, గరుకు గరుకుగా కనబడితే దాన్ని పక్కన పెట్టి ఇంకో ఈగను తీసుకోండి. మొదట్లో పదిట్లో ఒకటి రెండు నాళికలే పనికొస్తాయి, దానికి టెన్షన్ పడాల్సింది లేదు. చేయి కుదిరేకొద్దీ లెక్క తిరగబడుతుంది.

నాళికను అమర్చడం

డిష్‌లో నూనె 3, 4 మిల్లీమీటర్ల లోతు పోయండి. అంతకన్నా ఎక్కువైతే 10 ఎక్స్ ఆబ్జెక్టివ్ నూనెలో మునుగుతుంది. మైక్రోపిపెట్ కొసను నూనెలోకి దించి ఒక్కో గుంటలో 10 మైక్రోలీటర్ల సెలైన్ వదలండి. గాజు పుల్ల తలకు యురెటర్‌ను తగిలించుకుని, నాళికల జతను నూనె గుండా తీసుకెళ్లి చుక్కలో దించండి. తర్వాత జతలో ఒక నాళిక కొసను పట్టి చుక్క బయటికి లాగి, పిన్ను చుట్టూ రెండు చుట్లు తిప్పండి. ఇప్పుడు ఒక నాళిక సెలైన్‌లో, రెండోది పిన్ను మీద, యురెటర్ రెంటికీ మధ్య నూనెలో ఉండాలి. పిన్ను మీదిదానికి సెలైన్ అందదు, కాబట్టి అది స్రవించదు, కొక్కెంలా మాత్రమే పనికొస్తుంది.

ఐదు, పది నిమిషాల్లో యురెటర్ తెగిన కొస దగ్గర బొట్టు మొలుస్తుంది. మొదట అది ఉన్నదో లేదో తెలియదు, ఫోకస్ చక్రం అటూ ఇటూ తిప్పుతుంటే ఒక మెరుపు చుక్క కనబడి మాయమవుతుంది. తర్వాత నల్లటి అంచుతో గుండ్రంగా నిలబడుతుంది. యురెటర్ ముడుచుకున్నప్పుడల్లా బొట్టు చిన్నగా అదురుతుంది. అప్పటికే అది చుక్కలోకి జారి సెలైన్‌తో కలిసిపోతే, యురెటర్ సరిగా బయటికి రాలేదని అర్థం, ఇంకొంచెం లాగాలి.

కొలవడం

మొదటి 20 నిమిషాల అంకెలు రాసుకోండి కానీ లెక్కలోకి తీసుకోవద్దు, నాళిక కుదుటపడుతుంటుంది. ఆ తర్వాత ప్రతి 10 నిమిషాలకు గాజు పుల్లతో బొట్టును యురెటర్ నుంచి విడదీయండి. నీరు నూనెకన్నా బరువు కాబట్టి అది మెల్లగా కిందికి దిగి సిలికాన్ మీద కూర్చుంటుంది. సిలికాన్‌కు నీరు అంటదు, అందుకే ఈ సైజులో బొట్టు దాదాపు పూర్తి గోళంగా ఉంటుంది. గాజు మీద అయితే అడుగు పరుచుకుంటుంది, గోళం లెక్క పనిచేయదు. సిలికాన్ పోయించింది పిన్ను గుచ్చడానికి మాత్రమే కాదు.

నూనె వక్రీభవన గుణకం సుమారు 1.47, నీటిది 1.33. ఈ తేడా వల్ల బొట్టు చుట్టూ మందపాటి నల్లటి ఉంగరం కనిపిస్తుంది. ఫోకస్‌ను బొట్టు నడుముకు తెస్తే ఉంగరం బయటి అంచు పదునుగా అవుతుంది. కొలవాల్సింది ఆ బయటి అంచు నుంచి బయటి అంచుకు. కండెన్సర్ కింది డయాఫ్రం కొంచెం మూస్తే అంచు ఇంకా స్పష్టం, మరీ మూస్తే అంచు చుట్టూ అదనపు గీతలు వస్తాయి, ఏది అసలు అంచో తెలియదు. రెండు దిక్కుల్లో కొలిచి సగటు తీయండి. రెండు కొలతల మధ్య బాగా తేడా ఉంటే బొట్టు దేనికో తగులుతున్నట్టు, దాన్ని జరిపి మళ్లీ కొలవండి.

లెక్క చాలా చిన్నది. మైక్రాన్లలో ఉన్న వ్యాసానికి ఘనం కట్టి (వ్యాసం × వ్యాసం × వ్యాసం), 0.5236తో గుణించి, పది లక్షలతో భాగిస్తే నానోలీటర్లు వస్తాయి. 200 మైక్రాన్ల బొట్టు 4.19 నానోలీటర్లు. అది 10 నిమిషాల్లో వచ్చిందంటే నిమిషానికి 0.42 నానోలీటర్లు. డ్రోసోఫిలాకు ఏమీ కలపని సెలైన్‌లో నిమిషానికి అర నానోలీటరు అటూ ఇటూగా రావాలి. పదో వంతు మాత్రమే వస్తుంటే సెలైన్‌నో, డిసెక్షన్‌నో అనుమానించండి.

ఎండాకాలం సంగతి వేరు. వరంగల్‌లో మే నెలలో మధ్యాహ్నం ఫ్యాన్ కింద ల్యాబు వేడికి వేగం పెరుగుతుంది, తర్వాత నాళిక అలసిపోతుంది, పొద్దున చేసినదానితో మధ్యాహ్నం చేసినది పోల్చలేం. ఏసీ లేకపోతే పొద్దున తొమ్మిదిలోపే ముగించండి. డిష్ పక్కన థర్మామీటర్ ఉంచి ప్రతి రీడింగ్‌తో పాటు ఉష్ణోగ్రత రాయండి. హాలోజన్ బల్బు మైక్రోస్కోపు అయితే రీడింగ్‌కు రీడింగ్‌కు మధ్య లైటు ఆపేయాలి, ఎల్‌ఈడీకి ఆ బెడద తక్కువ.

ఇప్పుడు అయాన్ల వైపు

మైక్రోస్కోపు నీటిని చూపిస్తుంది, అయాన్లను చూపించదు. కానీ సెలైన్‌లో ఒక్కొక్కటీ మార్చి, నీటి వేగం ఎలా మారుతుందో చూస్తే ఏ అయాన్ అవసరమో తెలుస్తుంది. ప్రతి నాళికకూ ముందు 30 నిమిషాలు మామూలు వేగం కొలిచి, తర్వాత మార్పు చేసి ఇంకో 30 నిమిషాలు కొలవండి. ఏ నాళికకు అదే పోలిక. చుక్కలో మందు కలపాలంటే 1 మైక్రోలీటరు సెలైన్ తీసేసి, పది రెట్లు చిక్కగా చేసిన మందు 1 మైక్రోలీటరు వేయండి. ఏమీ కలపని సెలైన్‌తో ఇదే పని చేసిన నాళికలు కొన్ని పక్కన ఉండాలి, ఎందుకంటే గంట గడిస్తే వేగం దానంతటదే కొంత తగ్గుతుంది.

మొదట పొటాషియం. పొటాషియం క్లోరైడ్ బదులు అంతే మోలార్ సోడియం క్లోరైడ్, అంటే లీటరుకు 1.17 గ్రాములు ఎక్కువ వేసి సెలైన్ చేయండి. దీన్ని ష్నైడర్స్‌తో కలపొద్దు, అందులో పొటాషియం ఉంటుంది. పోలిక కోసం చేసే మామూలు సెలైన్‌లోనూ ఆ రోజు ష్నైడర్స్ వేయకూడదు. పొటాషియం లేని చుక్కలో బొట్టు పెరగడం తగ్గిపోతుంది. రామ్సే పుల్లపురుగు నాళికలో పొటాషియం రక్తంలోకన్నా స్రావంలో ఎక్కువ ఉంటుందని, నాళిక దాన్ని సక్రియంగా తోస్తుందని 1953లోనే చూపించారు.

తర్వాత ద్రవాభిసరణ. సెలైన్‌లో లీటరుకు 17.1 గ్రాముల పంచదార అదనంగా కలిపితే 50 మిల్లీమోలార్ అవుతుంది. పంపు ఆగకపోయినా వేగం తగ్గుతుంది, బయట చిక్కదనం పెరిగింది కాబట్టి అన్నే అయాన్ల వెంట తక్కువ నీరు వస్తుంది. కణం లోపల సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ 1 మిల్లీమోలార్ వేస్తే వేగం పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదే మంచి పరీక్ష. వేగం పెరగడం చూశారంటే నాళిక బతికి ఉందని, మీ చేయి కుదిరిందని రెండూ రుజువైనట్టే. బ్యూమెటనైడ్ 0.1 మిల్లీమోలార్ వేస్తే సోడియం, పొటాషియం, క్లోరైడ్‌లను కలిపి కణంలోకి తెచ్చే వాహకం ఆగి వేగం తగ్గుతుంది. అది నీటిలో సరిగా కరగదు, డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించాలి. అప్పుడు ఒట్టి డీఎంఎస్‌ఓ వేసిన నాళికలు కూడా కొన్ని కొలవాల్సిందే.

రంగు ప్రయోగం అన్నిటికన్నా ఆకట్టుకుంటుంది. చుక్కలో కొద్దిగా ఫినాల్ రెడ్ అనే రంగు కలపండి. కాసేపటికి బోలులో రంగు చేరి, బయటికొచ్చే బొట్టు చుట్టూ ఉన్న సెలైన్‌కన్నా ముదురుగా ఉంటుంది. తక్కువ నుంచి ఎక్కువకు పోవడం అంటే ఏమిటో విద్యార్థికి ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అయాన్ ఎంత పోతోందో అంకెగా కావాలంటే స్రావంలో గాఢత తెలియాలి. దానికి అయాన్ సెలెక్టివ్ మైక్రోఎలక్ట్రోడ్ కావాలి. అది ఉన్నచోటికి మీ బొట్లను తీసుకెళ్లి కొలిపిస్తే లెక్క తేలిక. స్రావంలో పొటాషియం 120 మిల్లీమోలార్, వేగం నిమిషానికి 0.5 నానోలీటర్లు అయితే ఒక నాళిక నిమిషానికి 60 పికోమోళ్ల పొటాషియంను దాటిస్తున్నట్టు.

కణాల కల్చర్ ఉన్నవాళ్లకు

ఇన్‌వర్టెడ్ మైక్రోస్కోపు, కల్చర్ హుడ్ ఉన్న ల్యాబులో పురుగు అక్కర్లేకుండా ఇదే పని చేయొచ్చు. కుక్క కిడ్నీ నుంచి 1958లో మేడిన్, డార్బీ తయారుచేసిన ఎమ్‌డీసీకే కణాలు ప్లాస్టిక్ మీద పూర్తిగా కమ్ముకున్నాక పై నుంచి కిందికి అయాన్లను, నీటిని తోస్తాయి. కింద నీరు చేరి కణాల పొర అక్కడక్కడ గుమ్మటంలా లేస్తుంది. ఫేజ్ కాంట్రాస్ట్‌లో చుట్టూ కణాలు ఫోకస్‌లో ఉంటే గుమ్మటం మీదివి మసకగా ఉంటాయి. ఫైన్ ఫోకస్ తిప్పి ఎత్తు కొలవొచ్చు. డ్రై ఆబ్జెక్టివ్ అయితే చక్రం చూపే దూరాన్ని సుమారు 1.33తో గుణించాలి. నీటిలోంచి చూస్తున్నాం కాబట్టి చక్రం అసలు ఎత్తుకన్నా తక్కువ చూపిస్తుంది. లోతును ఇలా పొర పొరగా కొలిచే పనిని స్ప్రింగ్, హోప్ 1978లో నెక్ట్యూరస్ అనే ఉభయచరం పిత్తాశయం మీద చాలా దూరం తీసుకెళ్లారు. బతికి ఉన్న ఎపిథీలియంలో కణాల మధ్య సందుల సైజును, ఆకారాన్ని వాళ్లు మైక్రోస్కోపుతోనే కొలిచారు.

అంకెలు రాసేటప్పుడు

ఒక ఈగ నుంచి తీసిన రెండు నాళికలను రెండు నమూనాలుగా లెక్కపెట్టకండి. ఈగ ఒక్కటే, నమూనా ఒక్కటే. కనీసం ఎనిమిది, పది ఈగలు కావాలి. ముందు, తర్వాత అదే నాళిక కాబట్టి జతల తేడాలను పరీక్షించే పెయిర్డ్ టీ టెస్ట్ సరిపోతుంది. పక్కన పెట్టిన నాళికలు ఎన్ని, ఎందుకు అన్నది కూడా రికార్డులో ఉండాలి. మందు వేశాక ఆగిపోయినవాటిని చచ్చిపోయాయని తీసేస్తే మందు ప్రభావమే మాయమవుతుంది. ఏవి తీసేయాలో మందు వేయకముందే, మొదటి 30 నిమిషాల అంకెలు చూసి తేల్చుకోండి.

చివరగా ఊబాయిన్ గురించి ఒక హెచ్చరిక. సోడియం పొటాషియం పంపును ఆపే మందుగా అందరికీ అదే గుర్తొస్తుంది. డ్రోసోఫిలా నాళిక చుక్కలో దాన్ని వేస్తే వేగం పెద్దగా మారదు. చూసినవాళ్లు ఆ పంపు ఇక్కడ లేదని రాసేస్తారు. పంపు ఉంది, అదీ దండిగా ఉంది. పంపు పక్కనే ఉన్న వాహకం ఊబాయిన్‌ను పట్టి బోలులోకి తోసేస్తుంది, అందుకని పంపు దగ్గర దాని గాఢత పెరగదు. ఈ నాళిక పనే విషాలను బయటికి పంపడం కదా. కాబట్టి ఏ మందు వేసి మార్పు రాకపోయినా, మందు అసలు చోటుకు చేరిందా అన్నది తేల్చుకున్నాకే ఫలితం రాయండి. అప్పటిదాకా నోట్‌బుక్‌లో ఆ గడిలో వేగాలు మాత్రమే ఉంచి, తీర్మానం గడి ఖాళీగా వదిలేయండి.